ఇసుకలో లేచిన నగరము

వసిష్ఠ గోదావరి సముద్రమున గలియుటకు ముందు, సఖినేటిపల్లి చెంత, నీటికిని కొబ్బరితోటలకును నడుమ ఇసుక మేటలు వేసియుండును. ఆ ప్రాంతపు రైతునకు ఇసుక గుణము చక్కగా తెలియును. ఒకయేటి వరదకు లంక కోసికొనిపోవును. మరియొకయేడు ఆ మట్టియే యావలి గట్టున చేరి క్రొత్త లంకగా నేర్పడును. నిన్న గుడిసె యున్నచోట నేడు పడవ తిరుగుట ఆతడు కన్నులార చూచియుండును. కావుననే యిసుకను నమ్మి యిల్లు కట్టరాదని అచ్చటి పెద్దలు పిల్లలకు చెప్పుచుందురు.

అట్టి గ్రామమునుండి యొక వృద్ధరైతు 2023వ సంవత్సరమున, సంక్రాంతి పండుగ గడచిన పిదప, విమానమెక్కి దుబాయి నగరమునకు బయలుదేరెను. ఆతని కుమారుడు పదునెనిమిది సంవత్సరములుగా అచ్చట పనిచేయుచుండెను. రాజోలు, అమలాపురము, నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో గల్ఫు దేశములకు బ్రతుకుతెరువునకై పోయినవారు లేని గ్రామము అరుదు. స్త్రీలును పెక్కురు కువైటు, మస్కటు, బహ్రెయినులకు ఇంటిపనులకై పోయిరి. పోయినవా రే దేశమున నున్నను, ఊరివారు ‘దుబాయి వెళ్ళినారు’ అని చెప్పుకొనుట వాడుక.

ఈ రైతు తన కుమారుని 2005లో పంపెను. వీసాకును, విమానపు టిక్కెట్టునకును, నడుమనున్న దళారికిని ఇచ్చుటకై అరయెకరము కొబ్బరితోటను తాకట్టు పెట్టెను. దానిని విడిపించుటకు మూడేండ్లు పట్టెను. నెలనెలకు వచ్చిన డబ్బును ఆతడు చూచెనే కాని, ఆ డబ్బు ఎట్టి పనివలన వచ్చెనో చూడలేదు. “అబ్బాయీ! నీవు కట్టినది నాకొక్కసారి చూపుము” అని టెలిఫోనులో పలుమారు అడుగుచుండెను. కుమారుడు సామాన్యపు కూలివాడుగా పోయి, మేస్త్రీయై, కొంత నిలద్రొక్కుకొనిన పిమ్మట తండ్రి కోరిక తీరు సమయము వచ్చెను.

విమానము దిగుచుండగా రైతు కిటికీలోనుండి క్రిందికి చూచెను. ఒకవైపు నీలిసముద్రము, మరియొకవైపు కన్నుచూపు మేర గోధుమవన్నె యిసుక. ఆ రెండింటి నడుమ, తీరము వెంబడి సన్నని పట్టీవలె, మెరయు మేడలతో నగరము. నది లేదు, కాలువ లేదు, పంటచేను లేదు. గోదావరి జిల్లాలలో ఊరన్న పిదప కాలువ యుండితీరవలెను. కాలువ లేని ఊరిలో ఇన్ని లక్షలమంది నీరెక్కడ త్రాగుచున్నారని ఆతనికి మొదట కలిగిన సందేహము.

దుబాయి కథ పూర్వకాలపు రాజధానుల కథవంటిది కాదు. నూరేండ్లకు పూర్వమది ఉప్పునీటి పాయ యొడ్డున నున్న యొక చిన్న రేవు. అచ్చటి పురుషులు వేసవిలో ముత్యములకై సముద్రమున మునుగుచుండిరి. 1930 ప్రాంతములలో జపానువారు పెంచిన ముత్యములు అగ్గువగా బజారునకు వచ్చుటతో ఆ వృత్తి కూలిపోయెను. మన దేశముతో దుబాయికి వర్తకసంబంధము చాలకాలముగా గలదు. 1966 వరకు అచ్చట చెల్లిన నాణెము రూపాయియే. గల్ఫు ప్రాంతము కొరకై మన రిజర్వు బ్యాంకు 1959లో వేరుగా నోట్లను సైతము అచ్చువేయించెను. ఆ 1966వ సంవత్సరముననే దుబాయి సముద్రములో నూనె బయటపడెను. 1971 డిసెంబరు 2న ఐక్య అరబ్ ఎమిరేట్ల రాజ్యమేర్పడెను. నూనె నిలువలు తక్కువయగుటచే, అవి తరుగకమునుపే రేవులు, విమానాశ్రయము, వర్తకము, వింతకట్టడములు నిలుపుకొని బ్రతుకవలెనని అచ్చటి పాలకులు తలచిరి. నగరము ఇంత వేగముగా పైకి లేచుటకు కారణమిదియే.

మొదటి దినమున కుమారుడు తండ్రిని ఎత్తైన మేడల యొద్దకు గొనిపోలేదు. పాతపట్టణమున నున్న ఉప్పునీటి పాయ దాటించెను. అచ్చట అబ్రా యను చిన్న కొయ్యపడవలు ఈ గట్టునుండి ఆ గట్టునకు జనులను చేర్చుచుండును. రేవు రుసుము ఒక దిర్హము. ఆ పడవలో బల్లమీద కూర్చుండగనే రైతునకు సఖినేటిపల్లి నుండి నరసాపురము పోవు పంటు జ్ఞప్తికి వచ్చి, ఊరు విడచిన పిదప మొదటిసారి మొగమున నవ్వు పొడసూపెను.

గట్టు దిగిన పిమ్మట అల్ ఫహీదీ యను పాతపేటను చూచిరి. పారశీక దేశమునుండి వచ్చిన వర్తకులు నూరు నూటయిరువది యేండ్లకు పూర్వము అచ్చట ఇండ్లు కట్టుకొనిరి. సముద్రమునుండి తెచ్చిన పగడపురాతి గోడలు, సన్నని సందులు, నడుమ ఆకసము కనబడు ముంగిలి. గోదావరి మండలపు మండువా లోగిలి యెరిగినవారికి ఆ ముంగిలి పరాయిదిగా తోచదు. కాని ప్రతి యింటిమీదను చతురస్రాకారముగా నొక గోపురమున్నది. మన దేవాలయములకు గాలిగోపురములున్నవి. వానికి గాలి పేరునందే కలదు. ఇవి నిజముగా గాలిని పట్టు గోపురములు. గోపురపు పైభాగము నాలుగు వైపులను తెరచియుండును. లోపల అడ్డుగోడలు ఒకదానినొకటి ఖండించుచు నిలువునా దిగును. ఏ దిక్కున వీచిన గాలియైనను ఒక భాగముగుండా క్రింది గదిలోనికి దిగును. గదిలోని వేడిగాలి మరియొక భాగముగుండా పైకి పోవును. విద్యుచ్ఛక్తి రాకపూర్వము, వేసవిలో 45 డిగ్రీలు దాటు ఎండలో, జనులట్లు బ్రతికిరి. రైతు ఆ గోపురము క్రింద చాలసేపు నిలువబడెను. జనవరి మాసమగుటచే ఎండ లేదు గాని, మెడపై గాలి తగులుట ఆతనికి తెలిసెను.

మరునాడు సముద్రతీరమునకు పోయి బుర్జ్ అల్ అరబ్ అను హోటలును దూరమునుండి చూచిరి. 1999లో తెరవబడిన ఈ భవనము తెరచాప యెత్తిన నావవలె నుండును. ఎత్తు 321 మీటర్లు. తీరమునకు సుమారు 280 మీటర్ల దూరమున సముద్రములో కృత్రిమముగా ద్వీపమును నిర్మించి దానిపై దీనిని నిలిపిరి. లోపలికి పోవుటకు ధనవంతులకే వీలు. కాని రైతు దృష్టి లోపలి బంగారుపూతలపై లేదు.

“అబ్బాయీ! దీని క్రింద రాయి తగిలినదా?” అని అడిగెను.

“లేదు నాన్నగారూ! ఇసుకయేనట. 230 కాంక్రీటు స్తంభములను నలువది మీటర్ల లోతువరకు దించిరట. క్రింద రాతిపై ఆనుటచే కాదు, చుట్టునున్న ఇసుక రాపిడిచే అవి నిలిచినవని మా ఇంజనీరుగారు చెప్పుచుండిరి” అని కుమారుడు బదులు చెప్పెను.

ఆ మాట రైతు వెంటనే గ్రహించెను. జాలరులు వలకై ఏటిలో పాతు రాటను ఆతడు బాల్యమునుండి ఎరుగును. పాతునప్పుడు రాట సుళువుగా దిగును. ఇసుక చుట్టును సర్దుకొనిన పిదప ఇద్దరు పట్టి లాగినను పైకి రాదు. ఇసుక పైన నిలిచినదానిని తోయును; తనలోనికి దిగినదానిని పట్టుకొనును.

నిజమునకు గోదావరి ప్రజలు ఆశ్చర్యపడవలసిన పనియే లేదు. వారి సీమయంతయు ఇసుకపై నిలిచిన యొక కట్టడము దయవలననే పచ్చగా నున్నది. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆర్థర్ కాటన్ ఆనకట్ట నిర్మించినపుడు నది అడుగున అందుబాటులో రాయి లేకుండెను. ఇసుకలో బావులను దించి, వానిపై కట్టడము లేపి, దిగువను రాళ్ళు పేర్చి, ఆ మహానదిని నిలువరించిరి. నడుమ లంకలను విడిచి చూచినను ఆనకట్ట పొడవు మూడున్నర కిలోమీటర్లను దాటెను. ఈ విద్య ఐరోపానుండి వచ్చినదని తలచువారు పెక్కురున్నారు. కాటన్ అట్లు చెప్పుకొనలేదు. కావేరిపై చోళుల కాలపు కల్లణైని పరిశీలించి, అంతులేని యిసుకలో పునాది నిలుపు నేర్పును ఈ దేశపు పూర్వులనుండియే నేర్చితిమని ఆతడు ఒప్పుకొనెను. ఆ పాత ఆనకట్టకు మారుగా కట్టబడిన బ్యారేజికి నేడు ఆతని పేరే యున్నది. రాజమహేంద్రవరమున 1997లో పూర్తియైన, ఇరువదియెనిమిది విల్లులను వరుసగా వంచి నిలిపినట్లుండు రైలువంతెనయు ఆ నదిలోనే కాళ్ళూని నిలిచినది. దుబాయి మేడలను చూచి నోరు తెరచువారు ఆ వంతెనమీద రైలు పోవునపుడు కిటికీ మూసికొని నిద్రించుట వింతయే.

మూడవదినము సాయంకాలమున తండ్రికుమారులు బుర్జ్ ఖలీఫా యొద్దకు చేరిరి. అరబ్బీలో బుర్జ్ అనగా గోపురము. తెలుగున కోటగోడల ‘బురుజు’ ఆ మాటయే. తురుష్కుల పాలనతో మన భాషకు వచ్చి చేరినది. ఎత్తు 828 మీటర్లు. ప్రపంచమున మనుష్యులు కట్టిన వానిలో దీనికంటె ఎత్తైనది మరియొకటి లేదు. 2004లో పని మొదలిడిరి; 2010 జనవరి 4న ప్రారంభోత్సవము జరిగెను. కట్టుచున్నంతకాలము బుర్జ్ దుబాయి యని పిలిచిరి. ప్రారంభదినముననే నాటి దేశాధ్యక్షుడగు షేక్ ఖలీఫా పేరు పెట్టిరి. దీని రూపమును గీచినవాడు అమెరికా దేశీయుడగు ఏడ్రియన్ స్మిత్. నిలుపు ఉపాయమును చెప్పిన ఇంజనీరు బిల్ బేకర్.

రైతు మెడ పైకెత్తి చూచెను. కొన కనబడుటకు తలపాగ జారిపోయెను.

“గాలికి ఇది యెట్లు నిలుచునురా?” అనెను.

ఆ ప్రశ్న ఆతడు ఊరకయే అడిగినది కాదు. 1996 నవంబరు 6 నాటి రాత్రి కోనసీమను తాకిన తుపానులో వేయిమందికి మించి ప్రాణములు కోల్పోయిరి. కొబ్బరిచెట్లు లక్షల కొలదిగా కూలెను. ఆ రైతు తోటలో తెల్లవారునప్పటికి నిలిచియున్న చెట్లను వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. గాలి యెత్తైనదానినే ముందు పట్టునని ఆతడు అనుభవముచే ఎరుగును.

దీనికి సమాధానము ఆ భవనపు ఆకారమునందే యున్నది. పైనుండి చూచినచో దానికి మూడు రెక్కలు కనబడును. నడుమ నారుమూలల గట్టికాండము. మూడువైపుల మూడు రెక్కలు. ఒక్కొక్క రెక్క మిగిలిన రెండింటికి ఆసరాగా నుండును. ముగ్గురు మనుష్యులు వీపులు చేర్చి, కాళ్ళు ముందునకు తన్నిపెట్టి నిలిచినచో వారిని త్రోయుట ఎంత కష్టమో ఊహింపుడు. ఇంకొక ఉపాయమున్నది. గాలి యొక నిలువు స్తంభమును తాకి చీలినపుడు వెనుకవైపున సుడులు పుట్టును. ఆ సుడులు ఒక లయలో వరుసగా లేచినచో స్తంభము ఊగసాగును; లయ కుదిరినకొలది ఊపు పెరుగును. అందువలన ఈ భవనమును పైకిపోవుకొలది మెట్లు మెట్లుగా, ఒక్కొక్కచోట ఒక్కొక్క రెక్కను కుదించుచు కట్టిరి. ఏ ఎత్తునను ఆకారము క్రిందిదానివలె నుండదు. కావున సుడులు ఒక లయకు రాజాలవు. గాలిని తికమకపెట్టుటయే ఆ నేర్పు.

పునాదిని గూర్చి కుమారుడు వివరముగా చెప్పెను. ఒకటిన్నర మీటరు వెడల్పుగల 192 స్తంభములను ఏబది మీటర్ల లోతు దాటి దించి, వానిపై 3.7 మీటర్ల మందముగల కాంక్రీటు పలకను పరచిరి. భవనమునకంతకు పట్టిన కాంక్రీటు 3,30,000 ఘనమీటర్లు. వేసవిలో పగటి ఎండకు కాంక్రీటు పోయగనే బీటలు వారును. కావున రాత్రివేళ, నీటికి మారుగా మంచుగడ్డలు కలిపి పోసిరి. క్రిందనుండి గొట్టములద్వారా 606 మీటర్ల ఎత్తునకు కాంక్రీటును త్రోసిరి. అప్పటికి ప్రపంచమున అంత ఎత్తునకు ఎవరును త్రోయలేదు.

ఇవి యన్నియు విని రైతు, “అంతయు బాగున్నది. ఇందులో నీవు కట్టిన దేదిరా?” అని అడిగెను.

కుమారుడు కొంతసేపు మాటాడలేదు. తరువాత, “నాన్నగారూ! నేను కట్టిన దేదియు కంటికి కనబడదు” అనెను.

ఆతడు చేసినది ఇనుప ఊచల పని. రాడ్ బెండింగు పనియని వాడుక. కాంక్రీటు పోయుటకు ముందు, గోడ లేవవలసినచోట ఇనుప ఊచలను గూడువలె అల్లి, రెండు ఊచలు కలిసిన ప్రతిచోటను సన్నని తీగతో ముడివేయవలెను. కొక్కెముతో తీగను మెలిపెట్టి త్రిప్పవలెను. దినమునకు వేలకొలది ముడులు. ఎండలో ఇనుము కాలును; చేతితొడుగులు చిరుగును; తీగకొనలు అరచేతులను గీరును. కాంక్రీటు ఒత్తిడిని బాగుగా మోయును గాని, వంచి లాగినచో విరుగును. ఆ లాగుడును భరించునది లోపలి యినుమే. పని ముగిసి కాంక్రీటు పోయగనే ఆ గూడంతయు లోన సమాధియగును. పైన అద్దములు, తళతళలాడు లోహపుపలకలు వచ్చి చేరును. కట్టినవాడు మరల వచ్చి చూచినను తన పనిని గుర్తింపలేడు. ఈ భవనమున అట్లు దాగియున్న యినుము 39,000 టన్నులు.

పని ముమ్మరముగా సాగిన దినములలో అచ్చట 12,000 మందికి మించి పనిచేసిరి. వారిలో చాలమంది భారత, పాకిస్తాను, బంగ్లాదేశ్, నేపాలు దేశీయులు. నగరపు అంచున సోనాపూర్ అను చోట వారికి బసలు. బంగారుపట్టణమని ఆ పేరునకు అర్థము. ఒక్కొక్క గదిలో పలువురు, మంచముపై మంచము. తెల్లవారుజామున బస్సులలో తెచ్చి, పొద్దుక్రుంకిన పిదప తిరిగి చేర్చుచుండిరి. కూలి చాలదనియు, మర్యాద లేదనియు 2006 మార్చిలో పనివారు అలజడి చేసిరి. ఏటేట జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పన్నెండున్నర నుండి మూడింటి వరకు ఎండలో పనిచేయింపరాదను నిబంధన ఇప్పుడు అమలులో నున్నది. అట్టి నిబంధన అవసరమైనదనుటయే ఆ యెండ యెట్టిదో చెప్పుచున్నది.

భవనము రూపమును గీచినవాని పేరు పుస్తకములలో గలదు; ఎవరి పేరు పెట్టిరో అదియు గలదు. ఊచలు కట్టినవారి పేర్లు ఎచ్చటను లేవు. ఈ విషయమున దుబాయిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. గోదావరి మండలమున కాటన్ విగ్రహము లేని ఊరు అరుదు. ఆతనికి కుడిభుజముగా నిలిచిన వీణెం వీరన్నను కొందరు తలంతురు. నదిలో దిగి రాళ్ళు మోసిన వేలమందిలో ఒక్కని పేరైనను పాఠములలోనికి రాలేదు.

124వ అంతస్తున చూపరుల కొరకు ఏర్పరచిన వేదికకు పోవుటకు టిక్కెట్టు కొనవలెను. భవనము తెరచినపుడు ఆ టిక్కెట్టు వెల కుమారుని నాటి కూలికి మూడుదినములకు మించియుండెనట. అందుచే ఆతడు అన్నియేండ్లలో ఒక్కనాడును పైకి పోలేదు.

“ఇద్దరము పోదము. నాకు కొబ్బరికాయలు అమ్మిన డబ్బున్నది” అని రైతు నడుమునకు కట్టుకొనిన సంచిని తడవెను. అచ్చట రూపాయలు చెల్లవని చెప్పి, కుమారుడే టిక్కెట్లు కొనెను. తండ్రి అదిమాత్రము ఒప్పుకొనక, ఊరు చేరినపిదప ఆ మొత్తమును కోడలి చేతికిచ్చెనని తరువాత తెలిసెను.

యంత్రపుటెక్కుడు ఒక నిమిషములో వారిని 452 మీటర్ల ఎత్తునకు చేర్చెను. క్రింద రోడ్లు దారములవలెను, బండ్లు చీమలవలెను ఉండెను. నగరము ముగిసినచోట ఇసుక మొదలిడి ఆకసములో కలిసిపోయెను. సూర్యుడు అస్తమించుచుండెను. ఈ భవనమున పైనున్నవారికి సూర్యుడు క్రిందివారికంటె కొంతసేపు ఎక్కువగా కనబడును. అందుచే రంజాన్ మాసమున 80వ అంతస్తునకు పైనున్నవారు రెండు నిమిషములును, 150వ అంతస్తునకు పైనున్నవారు మూడు నిమిషములును ఆలస్యముగా ఉపవాసము విడువవలెనని మతాధికారులు 2011లో చెప్పవలసివచ్చెను. ఎత్తు పెరిగినచో కాలమునుకూడ సర్దుకొనవలెను గదా!

రైతు సూర్యుని చూడక ఇసుకనే చూచుచు, మొదటిదినమునుండి మనస్సున నున్న సందేహమును బయటపెట్టెను. “నీరెక్కడిదిరా వీరికి?”

సముద్రపు నీటినుండి ఉప్పును వేరుచేసి త్రాగునీరు చేయు కర్మాగారములు ఆ తీరమున నున్నవి. జెబెల్ అలీ కర్మాగారములు వానిలో పెద్దవి. దానికి ఇంధనము విస్తారముగా కావలెను. మిగిలిన చిక్కని ఉప్పునీటిని మరల సముద్రమునకే విడువవలెను. గోదావరి రైతునకు కాలువ యధికారి తలుపెత్తినంతనే వచ్చు వస్తువు అచ్చట మంటపెట్టి వండవలసిన వస్తువు. అందుచే వారు చుక్కను వదలరు. ఈ భవనమును చల్లబరచు యంత్రములపై తేమ చేరి నీరగును. ఆ నీటిని గొట్టములద్వారా పోగుచేసి క్రింది తోటలకు పెట్టుచున్నారు. అది ఏటికి కోటిన్నర గాలన్లని లెక్క.

ఇసుక సంగతి విన్నప్పుడు రైతునకు కలిగిన ఆశ్చర్యము భవనపు ఎత్తును చూచినపుడైనను కలుగలేదు. ఎడారిదేశమైయుండియు వారు కట్టడములకు ఇసుకను పరదేశములనుండి ఓడలమీద తెప్పించుకొందురు. ఎడారి యిసుకను గాలి వేలయేండ్లుగా దొర్లించుటచే దాని రేణువులు నున్నగా, గుండ్రముగా అరిగిపోవును. అట్టివి సిమెంటుతో గట్టిగా పట్టువడవు. నది తెచ్చు ఇసుకకు గరుకుదనము, కోణములు ఉండును, ఒకదానినొకటి పట్టుకొనును.

“అయినచో మన యేటి యిసుక?” అని రైతు అడిగెను.

“మన ఇసుక బంగారము నాన్నగారూ!” అని కుమారుడు చెప్పెను.

రైతు ఊరకుండెను. తన ఊరి రేవున రాత్రింబవళ్ళు లారీలలో కెత్తబడు ఇసుక ఆతని కన్నులకు కట్టెను. లోతుగా త్రవ్విన ఏటిగట్టు మరుసటి వరదకు విరిగిపడుట ఆతడు చూచియుండెను. అది కొత్త లంకగా మారుటకు ఎన్నియేండ్లు పట్టునో ఆతనికి తెలియును. లారీ నిండుటకు ఎంతసేపు పట్టునో అదియు తెలియును.

తరువాతి దినములలో మరి రెండు కట్టడములను చూచిరి. 2022 ఫిబ్రవరి 22న తెరచిన ‘భవిష్యత్తు ప్రదర్శనశాల’ వానిలో మొదటిది. పచ్చిక దిబ్బపై నిలువుగా పెట్టిన కడియమువలె, నడుమ పెద్ద ఖాళీతో నుండును. ఎత్తు 77 మీటర్లు, అంతస్తులేడు, లోపల నిలువు స్తంభములు లేవు. ఉక్కుదూలములను వలవలె అల్లి ఆ వలమీద 1,024 తుప్పుపట్టని ఉక్కుపలకలను పొదిగిరి. షాన్ కిల్లా అను వాస్తుశిల్పి దీనిని రూపొందించెను. పలకలపై అరబ్బీ లిపిలో వ్రాసిన పెద్ద పెద్ద అక్షరములే దాని కిటికీలు. మత్తార్ బిన్ లాహెజ్ అను శిల్పి వ్రాసిన ఆ వాక్యములు దుబాయి పాలకుడు చెప్పినవి. పగలు అక్షరములగుండా వెలుగు లోపలికి పోవును. రాత్రి లోపలి వెలుగు అక్షరములై బయటకు వచ్చును. నడుమనున్న ఖాళీ మనుష్యులకు ఇంకను తెలియని దానిని సూచించునని చెప్పుదురు. అక్షరము కట్టడమునకు అలంకారమగుట ప్రపంచమున పలుచోట్ల గలదు. కిటికీ యగుట అరుదు. తెలుగు అక్షరములతో నట్టిదానిని కట్టినచో గుండ్రని కిటికీలు ఎంత సొంపుగా నుండునో!

రెండవది అబూధాబి చెంతనున్న మస్దర్ నగరము. బొగ్గుపులుసుగాలిని పెంచక, సూర్యకిరణముల శక్తితో నడచు నగరమును కట్టవలెనని 2008లో పని మొదలిడిరి. బ్రిటిష్ వాస్తుశిల్పి నార్మన్ ఫాస్టర్ సంస్థ దానిని రూపొందించెను. ఏబదివేలమంది నివసింపవలెనని సంకల్పము. 2016 నాటికి ముగించదలచినది, గడువులు జరుగుచు, ఇంకను పూర్తికాలేదు. అయినను కట్టినంతవరకు చూడదగినదే. వీధులు ఇరుకుగా, ఒకదాని నీడ ఒకదానిపై పడునట్లున్నవి. నడుమ 45 మీటర్ల ఎత్తుగల ఉక్కుగోపురమున్నది. అది పైగాలిని పట్టి, నీటితుంపరలతో చల్లబరచి, క్రింది ముంగిలిలోనికి దింపును. దానిని చూచి రైతు నవ్వెను. “ఇది మొదటిదినము పాతపేటలో చూచినదే కదా!” అనెను. ఆ మాట నిజము. ఎడారిలోని సరిక్రొత్త నగరము నూరేండ్లనాటి యిండ్లనుండి నేర్చుకొనినది.

ప్రయాణమునకు ముందునాటి రాత్రి కుమారుని బసలో గోదావరి జిల్లాలవారు పదిమంది కూడిరి. రైతు ఆత్రేయపురపు పూతరేకులను, ఇంటిలో చేసిన సున్నియుండలను విప్పెను. ఒక్కొక్కరు తమ ఊరి కాలువలో నీరున్నదా, వంతెన పూర్తియైనదా, ఫలానివారి అమ్మాయి పెండ్లి కుదిరినదా యని అడిగిరి. భవనములమాట ఎవరును ఎత్తలేదు.

తిరిగి పోవుదినమున వారు మరల ఆ ఎత్తైన భవనము ముందు నిలిచిరి. అచ్చట ఛాయాచిత్రములు తీయువాడొకడు, శిఖరమంతయు కనబడునట్లు వెనుకకు జరుగుడని చెప్పెను. రైతు జరుగలేదు. గోడ నేలను కలియుచోటికి కుమారుని నడిపించి, అచ్చటనే నిలువుమనెను. తానును ప్రక్కన నిలిచెను.

ఆ చిత్రము ఇప్పుడు సఖినేటిపల్లి చెంతనున్న ఆ యింటి అరుగుమీది గోడకు వ్రేలాడుచున్నది. చూడవచ్చినవారు, “ఏమండీ! అంత దూరము పోయి, బురుజు కొన కనబడకుండ తీయించుకొంటిరే!” అని అడుగుచుందురు. ఆ వృద్ధుడు లేచి, చిత్రములో తన కుమారుని భుజము వెనుక కనబడు బూడిదవన్నె గోడపై వ్రేలు పెట్టి, “మా అబ్బాయి కట్టినది దీని లోపల నున్నదండీ” అని చెప్పును.